తాండూరు వేలంలో మోగని జాడీ

పింగాణీ సేకరించేవాళ్ల వాట్సాప్ గ్రూపులో జనవరి చివర ఒక ఫొటో వచ్చింది. తాండూరులో ఒక బండల వ్యాపారి పాత ఇల్లు పడగొడుతున్నారు, సామానంతా వచ్చే ఆదివారం వేలం వేస్తారు, అందులో పింగాణీ చాలా ఉంది, ఆసక్తి ఉన్నవాళ్లు రావచ్చు అని కింద రాశారు. ముందు వరసలో నీలి బొమ్మల పళ్లేలు, టీ కెటిళ్లు. వెనక వరసలో ఇనప పెట్టె పక్కన, బూడిద కలిసిన ఆకుపచ్చ రంగు జాడీ ఒకటి సగమే కనిపిస్తోంది. ఫొటో పెద్దది చేసి చూశాను. అదే. పదకొండేళ్ల క్రితం హైదరాబాద్ వేలంలో నేను పోగొట్టిన జాడీ.

పోగొట్టాననడానికి కారణం ఉంది. ఈ సేకరణ నాది కాదు, మా ఆవిడ విజయది. నేను డబ్బాలు మోసేవాణ్ని. ఆ రోజు జాడీ మీద పాట నడుస్తుండగా ఆమెకు ఫోను వచ్చింది. "నేను వచ్చేదాకా ఆపకండి" అని చెప్పి బయటికి వెళ్లింది. నేను తొమ్మిది వేల దగ్గర ఆపేశాను. తాండూరు నుంచి వచ్చిన తెల్లచొక్కా ఆయన తొమ్మిదిన్నర వేలకు దాన్ని పట్టుకుపోయాడు. విజయ తిరిగొచ్చి ఖాళీ బల్ల చూసింది. ఆ తర్వాత చాలా ఏళ్లు, నేను కూరగాయల బండి దగ్గర బేరమాడినప్పుడల్లా "ఐదు వందల మనిషి" అని నవ్వేది. పోయిన శ్రావణంలో ఆమె పోయింది. ఇంట్లో అద్దాల బీరువాల్లో నూట ముప్పై ఏడు పింగాణీలు ఉన్నాయి. ఇంకొక్కటి తెస్తే నేను ఆపేసిన పాట పూర్తవుతుందనిపించింది.

ఆదివారం పొద్దున ఆరు ముప్పావుకు లింగంపల్లిలో రైలెక్కాను. తాండూరు దాకా నేరుగా వెళ్లొచ్చు. నేను వికారాబాద్‌లో దిగాను. జాడీ పుట్టిన చోటు అనంతగిరి దారిలోనే ఉంది, ఎన్నడూ చూడలేదు. ఎనిమిదింటికి స్టేషన్ బయట రెండు ఇడ్లీలు తిని, టీ తాగి, ఆటో మాట్లాడుకున్నాను. వెళ్లి రావడానికి, మధ్యలో అరగంట ఆగడానికి మూడు వందలు అడిగాడు, రెండు వందల యాభైకి ఒప్పుకున్నాడు. డ్రైవరు బాలయ్యకు అరవై దాటి ఉంటాయి. కొండ మీదికి కాదు, కింద పాత బట్టీ దగ్గరికి అంటే వెనక్కి తిరిగి చూశాడు.

"మట్టి మేడం జాగానా? ఇప్పుడు గాడ ఏమున్నది సారు, సిమెంటు రింగులు పోస్తున్నరు."

ముప్పై ఏళ్ల క్రితం ఒకావిడ బయటి నుంచి వచ్చి అక్కడ ఒంటరిగా కుండల బట్టీ పెట్టుకుంది. స్టూడియో పాటరీ అంటారు. ఫ్యాక్టరీలో అచ్చు పోసింది కాదు, ఒకే మనిషి చేత్తో సారె మీద లేపి, తానే పూత కలిపి, తన బట్టీలోనే కాల్చినది. ఆవిడ పూతలో తాండూరు బండ పొడి, కంది కట్టె బూడిద కలిపేదని విజయ చెప్పేది. బాలయ్య ఆ బూడిదకు ప్రత్యక్ష సాక్షి. అప్పట్లో అతనికి ఎడ్లబండి ఉండేదట, ధారూర్ వైపు ఊళ్ల నుంచి కంది కట్టె తోలేవాడట. కట్టెకు డబ్బులిచ్చి, దాన్ని కాల్చి, మంట వదిలేసి బూడిద దాచుకునే మనిషిని చూసి ఊళ్లో అందరూ నవ్వారట. "నేను గూడ నవ్విన. పైసలు తీస్కొని నవ్విన" అన్నాడు.

అక్కడ నిజంగానే ఏమీ లేదు. సిమెంటు రింగుల వరసలు, ఒక మూల నడుము ఎత్తు ఇటుక గోడ, దాని లోపలి వైపు గాజులా కరిగి మెరుస్తున్న మరక. బూడిద మంటల్లో కరిగితే అలా అవుతుంది. పది నిమిషాలు నిలబడి చూశాను. ఫొటో తీసుకున్నాను. పంపడానికి ఎవరూ తట్టలేదు. బాలయ్యకు చూపించాను, బాగొచ్చిందన్నాడు.

తొమ్మిది ముప్పావుకు వికారాబాద్ బస్టాండులో తాండూరు ఎక్స్‌ప్రెస్ దొరికింది. గంటన్నర లోపు ప్రయాణం. శివారు దాటగానే రెండు పక్కలా కంది చేలు, కోత అయిపోయి కట్టె కుప్పలు వేసి ఉన్నాయి. ధారూర్‌లో ఒకావిడ నాలుగు ఖాళీ గోనె సంచులు, ఒక గడ్డి మోపు పట్టుకుని ఎక్కింది. కండక్టరు గడ్డి మీద అభ్యంతరం చెప్పాడు. పశువులకు కాదు, జాడీల మధ్య పెట్టడానికని ఆమె వాదించి గెలిచి, నా పక్క సీటులో కూర్చుంది. జాడీలన్న మాటకు నేను తిరిగి చూశాను. తాండూరు వేలానికే వెళ్తోంది. పేరు ఎస్తేరమ్మ. పచ్చళ్లు పెట్టి అంగళ్లలో, రెండు హాస్టళ్లకు అమ్ముతుంది. ప్లాస్టిక్ డబ్బాల్లో మామిడికాయ మెత్తబడుతోందని పాత జాడీలు వెతుకుతోందట. ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ తీసుకుని, నా చేతిలోని టికెట్ వైపు చూసి, నా డబ్బులతోనే తాను ప్రయాణం చేస్తున్నట్టు లెక్క అని నవ్వింది.

నేనెందుకు వస్తున్నానో అడిగింది. ఒక్క జాడీ కోసం అన్నాను.

"ఒక్క జాడీకి పట్నం కెళ్లి వచ్చిండ్రా? మా దిక్కు పిల్లను సూడనీకి గూడ ఇంత దూరం పోరు సారు."

ఎందుకో తెలియదు, ఆమెకు మొత్తం చెప్పాను. తొమ్మిది వేలు, ఫోను, ఖాళీ బల్ల. విజయ లేదన్న మాట కూడా. ఎస్తేరమ్మ సంచిలోంచి రెండు జామకాయలు తీసి, పెద్దది నాకిచ్చింది.

తాండూరు బస్టాండు నుంచి వేలం జరిగే గోదాము పది నిమిషాల నడక. ఆకలిగా ఉంటే దారిలో మరమరాల సుస్లా, మిర్చి బజ్జీ దొరుకుతాయి, ప్లేటు ముప్పై. వేలం పన్నెండింటికి. పదకొండు నుంచి సామాను చూసుకోనిస్తారు. నడిపించే ఆయన విరూపాక్షప్ప, మార్కెట్ యార్డులో కందుల కమీషన్ వ్యాపారి. యార్డుకు సెలవున్న రోజుల్లో ఇలాంటి ఇంటి సామాను వేలాలు వేస్తాడు. ఇక్కడ దీన్ని హర్రాజ్ అంటారు. హైదరాబాద్‌లోలా జాబితా, నంబర్లు, పలక ఎత్తడాలు ఉండవు. కందుల రాశి చుట్టూ నిలబడ్డట్టే జనం సామాను చుట్టూ నిలబడతారు, ఆయన సగం తెలుగు, సగం కన్నడంలో పాట పెంచుతాడు. రాశిని కొనేవాడు గుప్పెడు గింజలు తీసి చూసినట్టే ఇక్కడా ప్రతి వస్తువునూ తాకి, తట్టి చూడొచ్చు. ఎత్తి చూడటానికి మాత్రం వీల్లేదు. పోయినసారి ఎవరో ఒక కూజా ఎత్తి జారవిడిచారట.

బండ పరచిన నేల మీద సామానంతా వరసగా పెట్టారు. నీలి పళ్లేలు విలాయతీవి, అంచులు చిట్లినవి. అల్లం జాడీలనే పొట్టి మూతజాడీలు రెండు, చీనా సరుకే. ఊరగాయ జాడీలు పెద్దవీ చిన్నవీ కలిపి ఇరవై దాకా, తెలుపు మీద గోధుమరంగు మెడలు. నా జాడీ చివర ఉంది. మూత మీద గుడ్డ కప్పి, మెడ చుట్టూ పురికొసతో కట్టి ఉంది. మోకాళ్ల మీద కూర్చుని అడుగు అంచు తడిమాను. కంది గింజంత గుంట వేలికి తగిలింది. ఆ బట్టీ ఆవిడ సంతకం అదే. పచ్చి మట్టిలో ఒక గింజ నొక్కేది. బట్టీలో గింజ కాలిపోయి గుంట మిగిలేది.

తర్వాత అలవాటు ప్రకారం వేలి కణుపుతో తట్టాను. గట్టిగా కాలిన జాడీని తడితే గంటలా మోగాలి. కంటికి కనిపించని పగులుంటే శబ్దం అణిగిపోతుంది. నాది మోగలేదు. మట్టి గోడను తట్టినట్టుంది. ఇంకోచోట తట్టాను, అంతే. ఫోను టార్చితో చుట్టూ వెతికాను, పగులు కనిపించలేదు. కానీ ముప్పై ఏళ్లు విజయ పక్కన నిలబడి నేర్చుకున్నది ఒకటే, కన్ను మోసపోతుంది, చెవి మోసపోదు. నా వెనకాలే నిలబడ్డ హైదరాబాద్ డీలర్లు ఇద్దరు ముఖాలు చూసుకున్నారు. వాళ్లలో పెద్దాయన వంగి తానూ ఒకసారి తట్టి, నా భుజం మీద చెయ్యి వేసి, జాడీ పోయిందన్నట్టు తల ఊపాడు. నాలుగడుగుల దూరంలో ఎస్తేరమ్మ ఊరగాయ జాడీలు చూస్తోంది. నా వైపు ఒకసారి చూసి మళ్లీ తన పనిలో పడింది.

పాట మొదలైంది. పళ్లేలు డీలర్లు తీసుకున్నారు. ఊరగాయ జాడీలన్నింటినీ విరూపాక్షప్ప ఒకే రాశిగా కట్టాడు. ఎస్తేరమ్మ నెమ్మదిగా, ఎవరినీ చూడకుండా పాడి, నాలుగు వేల రెండు వందలకు పట్టేసింది. ఆయన బండ మీద అరచేతితో కొట్టి ఖాయం చేశాడు. ఆఖరున నా జాడీ వచ్చింది.

పగలని జాడీకి పదిహేను వేల దాకా వెళ్దామని ఇంట్లో అనుకుని వచ్చాను. పగిలినదానికి రెండు వేలు ఎక్కువ. మూడు వేల దగ్గర డీలర్లు తప్పుకున్నారు. నాతో ఒకాయన మిగిలాడు, అనంతగిరి దగ్గర రిసార్టు మేనేజరు. అతనికి పగులుతో పని లేదు, గుమ్మంలో గొడుగులు పెట్టడానికి కావాలట. ఐదు వేలు. ఆరు. ఏడున్నర. ప్రతిసారీ అతను వెయ్యి పెంచుతున్నాడు, నేను ఐదు వందలు పెంచుతున్నాను. తొమ్మిది వేలని అతనన్నాడు. విరూపాక్షప్ప నా వైపు తిరిగాడు.

"ఏమంటరు సారు? తొమ్మిది వేలు ఒకటోసారి."

అదే అంకె. ఆపేస్తే ఎవరూ తప్పు పట్టరు. నిజానికి ఈసారి ఆపడమే తెలివి. పగిలిన జాడీని బీరువాలో పెట్టి, పగులు వైపు గోడకు తిప్పి, దాన్ని చూసుకుంటూ కూర్చోవడం తప్ప చేసేదేమీ ఉండదు. ఆ లెక్కంతా నా తలలో సరిగ్గానే తేలింది. రెండోసారి అన్నాడు. తొమ్మిదిన్నర అన్నాను. గొంతు కొంచెం పెద్దగా వచ్చిందేమో, పక్కవాళ్లు తిరిగి చూశారు. మేనేజరు పదిన్నర అన్నాడు. పదకొండు అన్నాను. అతను ఫోను తీసి, ఎవరితోనో రెండు మాటలు మాట్లాడి, జేబులో పెట్టుకుని, గొడుగులకు స్టీలుది కొంటామని అందరికీ చెప్పాడు. జనం నవ్వారు. అరచెయ్యి బండ మీద పడింది.

పెద్ద డీలరు నా పక్కనుంచి వెళ్తూ, పగిలినవాటిపై ఇంత ప్రేముంటే తన దుకాణానికి రమ్మన్నాడు. ఎస్తేరమ్మ వాళ్లు గేటు దాటేదాకా ఆగింది. అప్పుడు దగ్గరికొచ్చి జాడీ పక్కన కూర్చుంది.

"మీ ఇంట్ల గన్ని జాడీలున్నయంటిరి గద సారు. అండ్ల ఏమేస్తరు?"

"ఏమీ వెయ్యం. చూసుకుంటాం."

"గదే. నిండిన జాడీ మోగుతదా సారు ఏడనన్న?"

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. విజయకు, నాకు, ఆ ఇద్దరు డీలర్లకు, మా వాట్సాప్ గ్రూపు మొత్తానికి జాడీ అంటే ఖాళీగా ఉండేదే. లోపల ఏమైనా ఉండొచ్చన్న ఆలోచన మాకెవరికీ రాదు. పచ్చళ్లు పెట్టే మనిషికి నాలుగడుగుల దూరం నుంచే, కట్టిన గుడ్డ చూసి, శబ్దం విని తెలిసిపోయింది. మరి చెప్పలేదేం అని అడిగాను.

"చెప్తె వాళ్లిద్దరు ఇంటరు గద. ఇరవై వేలకు పోతుండె. పగిలినా మీరు ఇడ్వరని బస్సులనే ఎర్కైంది నాకు."

పురికొస విప్పే ముందు ఆమె చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, ఎండలో ఆరబెట్టుకుంది. తడి చేత్తో ముట్టుకుంటే లోపలిది ఏదైనా పాడవుతుందని. గుడ్డ తీసి మూత లేపింది. గోదాములో పాత బస్తాల వాసన ఒక్కసారి వెనక్కి పోయింది. ఉప్పునిమ్మకాయలు. మెడదాకా ఉన్నాయి, నల్లగా, నిగనిగలాడుతూ, తమ రసంలో తామే మునిగి. ఏళ్ల నాటివని, పాతబడేకొద్దీ కడుపుకు మందని ఎస్తేరమ్మ చెప్పింది.

ఆ వాసనకు గోదాము అవతలి కొసన సంతకాలు పెడుతున్న మనిషి తలెత్తాడు. ఇంటి యజమాని కొడుకు సంగమేశ్. తండ్రి బండలమ్మాడు, ఇతను టైల్స్ షోరూము కడుతున్నాడు, అందుకే ఇల్లు పడగొడుతున్నాడు. దగ్గరికొచ్చి జాడీలోకి చూశాడు.

"మా అమ్మవి" అన్నాడు.

తల్లి పోయి నాలుగేళ్లట. ఈ జాడీని తండ్రి షాపులో షోకు కోసం కొనుక్కొస్తే, ఆమె అదే రోజు వంటింట్లోకి పట్టుకుపోయిందట. వేరే జాడీల్లో ఇంతమంచిగ ఊరదని దీన్ని ఎవరికీ ఇవ్వలేదట. ఆమె ఉన్నన్నాళ్లు ఆ గదిలో జాడీలు ఇంకెవరూ ముట్టుకోకూడదు. పోయాక ముట్టుకోవడానికి ఎవరికీ మనసు రాలేదు. ఖాళీవే అనుకున్నారు. హమాలీలు బరువని గొణిగితే, పాత సరుకు బరువే ఉంటుందని తనే అన్నాడట.

సంగమేశ్ విరూపాక్షప్పను ఏదో కన్నడంలో అడిగాడు. ఆయన ఇబ్బందిగా నా వైపు చూసి యార్డు ధర్మం చెప్పాడు. పాట ఖాయమయ్యాక రాశిలో ఏమున్నా కొన్నవాడిదే, గింజైనా, రాయైనా.

"జాడీ మీదే సారు, దాని సంగతి అడుగుతలేను" అన్నాడు సంగమేశ్. "లోపలియి..."

మిగతాది అననివ్వకుండానే తీసుకొమ్మన్నాను. ఇంటికి ఫోను చేస్తే అరగంటలో అతని భార్య నాలుగు స్టీలు డబ్బాలతో స్కూటీ మీద వచ్చింది. ఎస్తేరమ్మ పొడి గరిటెతో తోడింది. సంగమేశ్ నేల మీద గొంతుక్కూర్చుని, ఒక్క కాయ కింద పడకుండా డబ్బా పట్టుకున్నాడు. అతని వేలి మీదికి ఒక చుక్క రసం జారితే నా వైపు చూసి సిగ్గుపడి నాకేశాడు. కడుపు నొప్పంటే అమ్మ సగం కాయ మజ్జిగలో పిసికి ఇచ్చేదని, బడి ఎగ్గొట్టడానికి అబద్ధం ఆడినా అదే తాగించేదని భార్యకు చెబుతున్నాడు. ఆమెకు తెలిసినట్టే ఉంది, అయినా వింది. ఒక సీసా నిండా నాకూ పెట్టారు. వద్దనలేదు.

ఖాళీ అయ్యాక జాడీ లోపల టార్చి వేసి చూశాను. పగులు లేదు. కానీ ఉప్పూ పులుపూ కలిసి లోపలి పూతను తినేశాయి, మెరుపంతా పోయి సున్నంలా తెల్లబారింది. సేకరించేవాళ్ల లెక్కలో దాని విలువ సగం తగ్గినట్టు. నేనా రోజు ఆపకుండా ఉంటే ఆ మెరుపు అలాగే ఉండేది, ఈ కాయలు ఇంకెక్కడో ఊరేవి. విజయ ఉంటే ఏ పక్క వాదించేదో నాకు కచ్చితంగా తెలియదు. తెలియకపోవడం కొత్తగా ఉంది. ఆమె గురించి నాకు తెలియనిది ఇంకా ఉందన్నమాట.

భోజనం సంగమేశ్ వాళ్లింట్లోనే, జొన్నరొట్టె, పుంటికూర పప్పు. ఎస్తేరమ్మ తన జాడీలను గడ్డిలో సర్ది ధారూర్ వైపు వెళ్లే టెంపోలో ఎక్కించుకుని, తన ఫోను నంబరు చెప్పి, నాది తీసుకుని పోయింది. నేను సాయంత్రం ఐదున్నర రైలుకు బయల్దేరాను. తాండూరులో ఆ వేళ బోగీలు కాస్త ఖాళీగానే ఉంటాయి. జాడీని కిటికీ పక్క సీటులో కూర్చోబెట్టి కండువాతో కట్టాను. వికారాబాద్‌లో ఎక్కిన ఒక కుర్రాడు ఆ సీటు అడగబోయి, నిమ్మకాయ వాసన పీల్చి, ఆకలేస్తోందని చెప్పి ఎదురు సీటులో కూర్చున్నాడు. ఎనిమిదింటికి ఇంట్లో ఉన్నాను. ప్రయాణం, తిండి అన్నీ కలిపి ఆరు వందలు దాటలేదు.

ఇది జరిగి మూడు వారాలైంది. జాడీని బీరువాలో పెట్టలేదు, పట్టలేదు కూడా. భోజనాల బల్ల మీద ఉంది. మర్నాడే ఎస్తేరమ్మకు ఫోను చేసి, ఆమె చెప్పినట్టు నలభై నిమ్మకాయలు తెచ్చి, తుడిచి, కోసి, ఉప్పు వేశాను. ఉప్పు తక్కువైందని రెండోసారి ఫోనులో తిట్టించుకున్నాను. రోజూ పొద్దున పొడి గరిటెతో ఒకసారి కలపాలి, లేకపోతే పైకాయలు బూజు పడతాయట. ఇన్నాళ్లూ పొద్దున లేచాక ఏం చెయ్యాలో తెలిసేది కాదు. ఇప్పుడు మొహం కడుక్కోగానే చేతులు బాగా ఆరనిచ్చి మూత తీస్తున్నాను. ఊరడానికి ఇంకా నెల పడుతుందట. సంగమేశ్ ఫోను చేసి మరీ చెప్పాడు, షోరూము పూజకు వచ్చేటప్పుడు నావి కూడా తెమ్మని, వాళ్లమ్మవాటితో పోల్చి చూస్తాడట. ఓడిపోతానని తెలుసు, అయినా వెళ్తాను.

తాండూరు వైపు హర్రాజుకు వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. మూత కట్టిన జాడీ కనిపిస్తే వెంటనే తట్టకండి. ముందు ఇంటివాళ్లను వెతికి, లోపల ఏమైనా ఉందేమో అడగండి. లేదని వాళ్లు అన్నా, పక్కనున్న ఆడవాళ్లనెవరినైనా ఇంకోసారి అడగండి.